ఎముక విరగలేదన్నారు సరే, గట్టు మీద నడిచేదెలా?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో కాలు బెణికితే ఏం చెయ్యాలో రాశారు. విశ్రాంతి తీసుకోండి, ఐసు పెట్టండి, కట్టు కట్టండి, కాలు ఎత్తులో ఉంచండి అన్నారు. బానే ఉందండి. అక్కడితో వ్యాసం అయిపోయింది. వాపు తీశాక మనిషి లేచి నడవాలి కదా, ఆ నడక సంగతి ఒక్క ముక్క లేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగే అవుతుంది. మీరు కత్తిరిస్తారని తెలుసు. కత్తిరించడం మా వృత్తి కూడా కాబట్టి ఏమీ అనుకోను.

మాది అయినవిల్లి మండలంలో కాలువ పక్క ఊరు. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు, లంగాలు, బడి పిల్లల యూనిఫాంలు కుడతాను. ఉగాదికి ముందు, చేతినిండా పెళ్ళి జాకెట్లున్న రోజుల్లో, ముక్తేశ్వరం నుంచి ఆటోలో వచ్చి మా మలుపు దగ్గర దిగుతుంటే కుడికాలు సగం తారు మీద, సగం గాల్లో పడింది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు గానీ పక్కన మట్టి పొయ్యలేదు. అంచు జానెడు లేచి ఉంటుంది. పాదం లోపలికి మడతపడి, చీలమండ బయటివైపు టప్పున చప్పుడయ్యింది. సాయంత్రానికి ఎముక గుబ్బ కనపడకుండా పొంగిపోయింది.

ఇక సలహాలకేం కొదవ. ఒకరు చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వెయ్యమన్నారు. ఒకరు ఇసక వేయించి మూట కట్టి కాపడం పెట్టమన్నారు. ఎదురింటి పెద్దమ్మ "నరం పక్కకి తప్పుకుందే, ఆముదం రాసి గట్టిగా తోమిస్తే దాని చోటుకి అదే వచ్చేస్తాది" అని తోమే మనిషిని కూడా పంపించింది. ఆవిడది ప్రేమే, కాదనను. కానీ అక్కడ నరం ఎక్కడికీ పోదండి. ఎముకనీ ఎముకనీ కలిపి పట్టి ఉంచే పట్టీ ఒకటుంటుంది, లిగమెంటు అంటారు. పాదం లోపలికి మడతపడితే చీలమండ బయటివైపు ఉన్న ఆ పట్టీ సాగుతుంది, లేదా కొంత చిరుగుతుంది. కొత్త చిరుగు మీద బలంగా తోమినా, వేడి పెట్టినా లోపల రక్తం దిగి వాపు ఇంకా పెరుగుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఆ రెండూ వద్దు. వావిలాకు కాపడాలూ అవీ తర్వాత మీ ఇష్టం.

మా అమ్మాయి రాజమండ్రిలో నర్సింగు చదువుతోంది. ఫోను చేస్తే ముందు అది అడిగిన ప్రశ్న "అమ్మా, నాలుగడుగులు వెయ్యగలుగుతున్నావా?" అని. కెనడాలో ఒట్టావా డాక్టర్లు 1992లో ఒక పద్ధతి పెట్టారట, ఎక్స్‌రే ఎవరికి అవసరమో ఎవరికి అక్కర్లేదో తేల్చడానికి. చీలమండకి రెండు పక్కలా ఉండే గుబ్బ ఎముకల వెనక అంచుని, కింది కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల మేర వేలితో నొక్కాలి. మా టేపులో రెండున్నర అంగుళాలకి కాస్త తక్కువ. అక్కడ ఎముక మీదే నొప్పి ఉంటే ఎక్స్‌రే తియ్యాలి. దెబ్బ తగిలిన వెంటనేా కాదు, మళ్ళీ డాక్టరు చూసేటప్పుడూ కూడా కుంటుకుంటూ అయినా నాలుగడుగులు వెయ్యలేకపోతే అప్పుడూ తియ్యాలి. పాదం బయటి అంచు మధ్యలో చేతికి తగిలే ఎముకనీ, లోపలివైపు పాదం వంపు పైన ఉండే ఎముకనీ కూడా అలాగే నొక్కి చూస్తారు. షుగరు వల్ల పాదాలు మొద్దుబారిన వాళ్ళు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు. విరిగినా వాళ్ళకి నొప్పి తెలియకపోవచ్చు. మన జిల్లాలో ఏ ఇంట్లో చూసినా షుగరు మనిషి ఒకరుంటారు కాబట్టి ఇది పెద్దక్షరాల్లో వేస్తే మంచిది.

నాకు గుబ్బ మీద నొప్పి ఉంది. ఆసుపత్రికి వెళ్ళాను, ఎక్స్‌రే తీశారు. "ఎముక విరగలేదమ్మా, వారం రెస్టు తీసుకోండి" అని మాత్రలు రాశారు. ఆ తర్వాత అని అడిగితే "నెమ్మదిగా నడవండి" అన్నారు. వెనక వరస చాంతాడంత ఉంది, ఆయన్ని తప్పు పట్టడం లేదు. కానీ విరిగిన కాలికి పిండికట్టు వేసి, ఎప్పుడు విప్పాలో, ఎప్పుడు ఆనించాలో తేదీలు వేసి పంపిస్తారు. విరగని కాలికి ఒక చీటీ కూడా ఉండదు. విరగకపోవడమే అదృష్టం అన్నట్టు ఇంటికి పంపించేస్తారు.

మీరు రాసిన ఆ నాలుగు మాటల వైద్యం గురించి కూడా ఒకటి చెప్పాలి. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఐసూ, పూర్తి విశ్రాంతీ దెబ్బ మానడాన్ని ఆలస్యం చేసే అవకాశం ఉందని 2014లో ఆయనే మాట మార్చుకున్నాడు. ఐసు నొప్పికి పనికొస్తుంది. గుడ్డలో చుట్టి పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు. నేనూ పెట్టుకున్నాను. మంచం మీదే ఉండిపొమ్మనడం దగ్గరే నాకు పేచీ. నొప్పి ఓర్చుకునేంత మేర మొదటి రోజుల నుంచే పాదం కదుపుతూ ఉండాలని అమలాపురంలో నేను చూపించుకున్న ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది. బొటనవేలు కలం అనుకుని గాల్లో ఏబీసీడీలు రాయమంది. నేను అ ఆ లు రాశాను. మన అక్షరాలు అన్నీ గుండ్రాలే కదా, చీలమండ ఏ పక్కా వదలకుండా తిరుగుతుంది. "ఱ" రాసేటప్పటికి కళ్ళనీళ్ళు తిరిగేవి, అది వేరే సంగతి.

కర్ర విషయం. దెబ్బ కుడికాలికైతే కర్ర ఎడం చేత్తో పట్టుకోవాలి. కుడికాలు ముందుకి వేసినప్పుడు ఎడం చేతిలో కర్ర కూడా దాంతోపాటే పడాలి. "అవిటి పక్కన ఆసరా ఉండాలి గానీ అటుపక్కెందుకే?" అని మా ఆయన వాదించాడు. రెండు రకాలుగానూ నాలుగడుగులు వెయ్యమన్నాను, ఊరుకున్నాడు. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచికాలు, దిగేటప్పుడు ముందు దెబ్బకాలు. వరదలకి జడిసి మన ఇళ్ళ అరుగులన్నీ ఎత్తుగా కట్టుకుంటాం కాబట్టి ఇది రోజూ పనికొచ్చే మాట. కుంటకుండా నడవడం వచ్చేదాకా కర్ర వదలకూడదు. కుంటుతూ నడిచేకంటే చిన్న చిన్న అడుగులు వేస్తూ, మడమ ముందు ఆనించి తర్వాత వేళ్ళు ఆనిస్తూ నడవడం మేలు. కుంటి నడక అలవాటైతే నడుమూ, తుంటీ పట్టేస్తాయి.

ఇంతవరకు ఏ ఊళ్ళోనైనా ఒకటే. మన దగ్గర కథ ఇక్కడే మారుతుంది. ఫిజియో అమ్మాయి "ముందు చదునైన నేల మీద నడవండి ఆంటీ" అంది. నాకు నవ్వొచ్చింది. కోనసీమని మించిన చదునేల ఎక్కడుంది? అయినా మనం నడిచేది చేల మీద కాదు, గట్ల మీద. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ పెద్ద కాలువ, దాన్నుంచి పిల్లకాలువ, దాన్నుంచి బోదె, నీరు పారే ప్రతిదానికీ ఒక గట్టు. బడికి గట్టు, పొలానికి గట్టు, చివరికి శ్మశానానికీ గట్టే. ఏ గట్టు చూసినా నడుమ కాస్త ఎత్తు, రెండు పక్కలా వాలు. తారు రోడ్లకీ అదే వాలు, వాన నీరు పోవాలి కాబట్టి.

ఆ వాలు కాలికి ఏం చేస్తుందో చెప్తాను, ఇది నా కాలితో నేను తేల్చుకున్నది. వాలు మీద నడిచేటప్పుడు పల్లం వైపున్న పాదం బయటి అంచు కిందకి ఉంటుంది. అంటే పాదం లోపలికి మడతపడే దిశలోనే ఉంటుంది, కాలు బెణికింది కూడా అటే. మెరక వైపున్న పాదానికి ఆ బాధ లేదు. నాది కుడికాలు. రోడ్డుకి ఎడమ అంచున నడిస్తే వాలు ఎడమకి ఉంటుంది, కుడికాలు మెరకన ఉంటుంది, హాయిగా ఉంటుంది. కుడి అంచున నడిస్తే అదే కాలు పల్లంలో పడుతుంది. నడిచేవాళ్ళు ఎదురొచ్చే బళ్ళు కనపడేలా కుడిపక్కన నడవాలని పిల్లలకి నేర్పిస్తాం. చీలమండ ఎడమపక్కకి పొమ్మంటుంది, ప్రాణం కుడిపక్కకి రమ్మంటుంది. నేను ప్రాణం మాటే విన్నాను. పెద్ద రోడ్డు మానేసి, తెల్లారకుండా బళ్ళు తిరగని వీధిలో నడుమన నడిచాను. ఎడమకాలు బెణికినవాళ్ళకి ఈ తంటా లేదు.

అసలు చదును దొరికింది మాత్రం రైసు మిల్లు కళ్ళంలో. ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు. ధాన్యం లేని వేళ చూసి గుమస్తాగారిని అడిగితే "నడుచుకోండమ్మా, దానికేం భాగ్యం" అన్నారు. బడి వరండా, గుడి మండపం, ఏదైనా పరవాలేదు. అక్కడ కుదిరాక సిమెంటు రోడ్డు, ఆ తర్వాత కాలువగట్టు మట్టిబాట, ఆ తర్వాత ఇసక. తడి గట్టు ఆఖరున. ఎక్కడికక్కడ ఒకటే కొలత: నడిచిన మర్నాడు పొద్దున్న నొప్పీ, వాపూ ముందురోజు కంటే పెరిగితే ఒక మెట్టు వెనక్కి రావాలి. సాయంత్రం కొంచెం వాచి రాత్రి కాలు దిండు మీద పెట్టుకుంటే తీసెయ్యడం మామూలే. వారాల తరబడి అలా ఉంటుంది, బెంబేలు పడక్కర్లేదు. తేలికపాటి బెణుకు వారం రెండు వారాల్లో సర్దుకుంటుంది, మధ్యస్తంది మూడు నుంచి ఆరు వారాలు, పట్టీ పూర్తిగా తెగితే నెలలు.

ఇప్పుడు మిషను సంగతి. వాపు తగ్గాక నేను ముందు మొదలుపెట్టింది అదే. మంచిదే అంది ఫిజియో అమ్మాయి. కాళ్ళ కింద పలక ముందుకీ వెనక్కీ ఊగుతుంటే చీలమండ బిగుసుకోకుండా ఉంటుంది. మోటారు బిగించుకున్న వాళ్ళకి ఈ లాభం లేదు. పూట పూటంతా మిషను తొక్కుతుంటే చూసినవాళ్ళందరూ "ఇంకేం, నీ కాలు బాగుపడిపోయింది" అన్నారు. అదే కాలితో బోదె గట్టు మీద కాలు పెడితే పాదం నా మాట వినలేదు. చిన్న మట్టిపెళ్ళకి అటూ ఇటూ ఊగిపోయింది. నొప్పి లేదు, వాపు లేదు, నిలకడ మాత్రం లేదు. మిషను పలక పాదాన్ని పైకీ కిందకీ మాత్రమే తిప్పుతుంది. గట్టు పక్కలకి తిప్పుతుంది. పక్కలకి వాలినప్పుడు నిలబెట్టే కండరాలు కాలి బయటివైపు ఉంటాయి, వాటికి మిషను దగ్గర పనే లేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆ లిగమెంటులో పాదం ఎటు వాలుతోందో మెదడుకి కబురు చేసే నరాల కొసలు ఉంటాయి. బెణుకులో అవీ దెబ్బతింటాయని 1965లోనే ఫ్రీమన్ అనే ఇంగ్లండు డాక్టరూ ఆయన తోటివాళ్ళూ రాశారని మా అమ్మాయి చెప్పింది. కబురు ఆలస్యమైతే కాలు సర్దుకునేలోపే మడతపడిపోతుంది. ఒకసారి బెణికిన కాలు మళ్ళీ మళ్ళీ బెణకడం అందుకే. మన వైపు దాన్ని "కాలికి అలవాటైపోయింది" అని వదిలేస్తారు. అలవాటు కాదండి, సాధన లేకపోవడం.

సాధనకి ఖర్చేమీ లేదు. ద్వారబంధం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడాలి. తర్వాత వేలు మాత్రం ఆనించి, తర్వాత వదిలేసి, అర నిమిషం ఊగకుండా నిలబడగలిగితే కళ్ళు మూసుకుని. అన్నం ఉడికే లోపు వంటగట్టు పక్కనే చేసుకోవచ్చు. పడితే పట్టుకోవడానికి ఏదో ఒకటి దగ్గరుండాలి. ఆ తర్వాత మెత్తటి దాని మీద. నేను కత్తిరింపు ముక్కలతో కుట్టిన బొంతని నాలుగు మడతలేసి దాని మీద నిలబడ్డాను. రెండు కాళ్ళ మునివేళ్ళ మీద లేవడం, అది కుదిరాక ఒంటికాలి మీద లేవడం. పాత సైకిల్ ట్యూబు ముక్కని మంచంకోడుకి కట్టి, పాదానికి తగిలించి, పాదాన్ని బయటివైపుకి లాగడం. ఆ బయటి కండరాలకి ఇదే మేత.

గోడ పరీక్ష ఒకటుంది, కుట్టుపని వాళ్ళకి బాగా నచ్చుతుంది. గోడకి ఎదురుగా పాదం పెట్టి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించాలి. తాకుతుంటే పాదం ఇంకాస్త వెనక్కి జరపాలి. ఇక తాకదు అన్నచోట బొటనవేలికీ గోడకీ మధ్య దూరం కొలవాలి. నా మంచికాలికి నాలుగంగుళాలు వస్తే దెబ్బకాలికి రెండున్నరే వచ్చింది. కింద కూచుని లేవాలన్నా, మెట్లు దిగాలన్నా ఆ వంపు కావాలి. రెండు కాళ్ళూ ఇంచుమించు సమానమైతే తప్ప గట్టెక్కొద్దంది ఆ అమ్మాయి. టేపు మెళ్ళోనే ఉంటుంది కాబట్టి రోజూ కొలుచుకునేదాన్ని.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే సార్వా ఊడ్పులు మొదలయ్యాయి. కాలువలకి నీళ్ళొచ్చాయి, రేవు మెట్లు పాచి పట్టాయి, గట్లన్నీ జారుడు. మా వీధిలోనే ఒకావిడ కాలు బెణికి, నొప్పి తగ్గిందని ఊడ్పులకి పోతోంది. "కూర్చుంటే ఎవరు పెడతారు వదినా" అంటుంది. నిజమే, ఏం చెప్పను? కాళ్ళకి వెనక పట్టీ ఉన్న చెప్పులో, లేసుల బూట్లో వేసుకోమని పుస్తకాలు చెప్తాయి. బూట్లేసుకుని మడిలోకి దిగేదెవరు? బురదలో దిగబడ్డ కాలిని పీకి, వెనక్కి వెనక్కి అడుగేస్తూ నాటాలి. లోపల పాదం ఎటు వాలిందో కంటికి కనపడదు. అలాంటి కాలు అప్పుడే కోలుకున్న కాలైతే ఎలా? మేస్త్రిలకి నా మనవి ఏమిటంటే, అలాంటివాళ్ళని ఆకుమడి దగ్గర కూర్చుని కట్టలు కట్టే పనికి పెట్టండి, కట్టలు మోసుకుని తడి గట్టు మీద నడిచే పని మాత్రం చెప్పకండి. కొబ్బరి దింపు వాళ్ళకైతే ఇంకా గట్టిగా చెప్పాలి. చెట్టు ఎక్కేటప్పుడు రెండు పాదాలూ లోపలికి తిరిగి మానుని పట్టుకుంటాయి. బెణికిన దిశా అదే, బరువంతా దాని మీదే, అదీ అంత ఎత్తున. నేల మీద అన్ని పనులూ అయ్యాక, చిట్టచివర చెట్టు.

నా మటుక్కి నాకు ఆఖరి పరీక్ష పంటు, అదే మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే బల్లకట్టు. మా పుట్టింటికి వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో పంటెక్కి గౌతమి దాటి కోటిపల్లిలో దిగాలి. నీరు తక్కువైనప్పుడు ఇసకలో నడవాలి, ఆపైన ఏటివాలు. చుట్టూ తిరిగి బస్సులో వెళ్ళమన్నారు గానీ, చీలమండకి కట్టు బిగించుకుని కర్ర పట్టుకుని పంటులోనే వెళ్ళాను. ఇసకలో పాదం అడుగడుక్కీ కూరుకుపోతుంటే ఒంటికాలి సాధన విలువేంటో అక్కడ తెలిసింది. దిగేటప్పుడు మోటారుసైకిళ్ళవాళ్ళు ముందు దిగాలని తోసుకుంటారు. కాస్త ఆగి ముసలివాళ్ళనీ, కర్ర పట్టుకున్నవాళ్ళనీ దిగనివ్వమని పంటువాళ్ళు ఒక కేక వేస్తే పోయేదేమీ లేదు.

ఇక నేను అడిగేవి. మీ ఆరోగ్యం పేజీలో ఈ రెండో సగం కూడా వెయ్యండి, బొమ్మలతో. ఎక్స్‌రేలో ఏమీ లేదని పంపించేటప్పుడు కర్ర ఏ చేత్తో పట్టాలో, ఏ వ్యాయామం ఎప్పుడు మొదలెట్టాలో, ఎప్పుడు మళ్ళీ రావాలో తెలుగులో ఒక చీటీ ఇమ్మని ఆసుపత్రుల వాళ్ళకి చెప్పండి. మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో నాకు తెలిసినంత చెప్తాను: నాలుగైదు రోజులైనా కాలు ఆనించలేకపోతే, వేళ్ళు చల్లబడినా తిమ్మిరెక్కినా, పిక్క వాచి నొప్పెడితే, జ్వరం వచ్చి చర్మం ఎర్రబడితే ఆగకూడదు. క్రేపు బ్యాండేజీ కట్టాక వేళ్ళు నీలంగా మారితే వెంటనే విప్పెయ్యాలి.

మూడోది రోడ్డు అంచు. తారు వేసిన ప్రతిసారీ పక్కన గ్రావెల్ పోసి రోడ్డుతో సమానం చెయ్యడం ఆ పనిలో భాగం కావాలి. బిల్లు అప్పటిదాకా పాసవ్వకూడదు. రేవు మెట్లకి పాచి గీకించి, పక్కన ఒక ఇనప గొట్టం పాతితే చాలు, చేత్తో పట్టుకుని దిగుతాం. మా మలుపు గురించి పంచాయతీలో అర్జీ ఇచ్చాం. వానలు వెలిశాక చూస్తామన్నారు. వానల్లోనే కదండీ జారేది. అంచు పక్కన నా టేపు నిలబెట్టి తీసిన ఫొటో ఈ ఉత్తరంతో పంపుతున్నాను, తొమ్మిదంగుళాల గీత స్పష్టంగా కనపడుతోంది. ఉత్తరంలో చోటు చాలకపోతే నా మాటలు కత్తిరించండి గానీ ఆ ఫొటో మాత్రం వెయ్యండి. పేరు వెయ్యకండి.

ఇట్లు,
ఒక కుట్టుపని మనిషి,
అయినవిల్లి మండలం, కోనసీమ జిల్లా.